పన్నెండు మెట్ల మీద సాయన్న

పాలమూరు పాటల బాట: 14

మా అవ్వ చాటలో జొన్నలు పోసుకుని గడప దాటిందంటే అరుగు మీదికి ఎవరో వచ్చి కూర్చున్నట్టే లెక్క. ఒకనాడు గంగిరెద్దుల వాళ్లు, ఒకనాడు బుడిగె జంగాలు. కిన్నెర భుజానికేసుకుని వచ్చే మనిషి మాత్రం ఏడాదికి ఒక్కసారే వచ్చేవాడు. అదీ జొన్నకోతలు అయిపోయి, కళ్లంలో గింజ ఇంటికి చేరినంక. ఆయన వచ్చి తలగుడ్డ విప్పి, దాంతోనే అరుగు దులిపి, కిన్నెరను పసిపిల్లను దించినట్టు దించి కూర్చునేవాడు. మంచినీళ్లు తాగినంక అడిగేవాడు.

"ఎవలి కథ జెప్పమంటవ్ అవ్వా?"

"ఎవలిదో ఎందుకయ్యా, సాయన్నది జెప్పు."

ప్రతి ఏడూ ఇదే అడగడం, ఇదే చెప్పడం. మా అవ్వకు సాయన్న కథ పొల్లు పోకుండా వచ్చు. అయినా ఆయన నోట, ఆ తీగ మీద వినాలి ఆమెకు. కథ ఒక రాత్రికి తెగేది కాదు. సాయన్న చుట్టూ సర్కారోళ్లు కమ్ముకునే ఘట్టం దాకా వచ్చేసరికి నాకు నిద్ర ముంచుకొచ్చేది. తెల్లారి లేచేసరికి అరుగు ఖాళీ. సాయన్న ఎట్లా చనిపోయాడో చాలా ఏళ్ల దాకా నాకు తెలియదు.

ఆ రోజుల్లో నన్ను పట్టుకున్నది కథ కాదు, ఆ వాద్యం. దాన్ని దగ్గరగా చూసినవాళ్లకు తెలుస్తుంది, అందులో కొని తెచ్చిన వస్తువు దాదాపు ఉండదు. నడుమ ఒక వెదురు బొంగు. దాని కింద ఎండిన సొరకాయ బుర్రలు మూడు, నాదం ఊరేది వాటిలోనే. బొంగు మీద వరసగా మెట్లు. ఆ మెట్లను నిలబెట్టేది మేకులు కాదు, బంక కాదు, తేనెమైనం. పాతకాలంలో మెట్లకు అలుగు పొలుసులు వాడేవారు. నల్లమల అంచున బతికిన మనుషులకు అలుగు పొలుసు దొరకడం వింత కాదు. ఇప్పుడు ఆ జంతువును ముట్టుకుంటే నేరం, అది న్యాయమే. తీగలకు ఒకప్పుడు నరాలు, వెంట్రుకలు పేనేవారు, తర్వాత ఇనుప తీగ వచ్చింది. అద్దం ముక్కలు, పూసలు, నెమలీకలు సింగారానికి. చివర ఒక చెక్క పిట్ట. తీగ మీటినప్పుడల్లా ఆ పిట్ట తల ఊపేది. పిల్లలమంతా పిట్ట చుట్టూ మూగేవాళ్లం, పెద్దవాళ్లు కథ చుట్టూ.

ఎండలో మైనం మెత్తబడుతుంది. మెట్టు వెంట్రుకవాసి జరుగుతుంది. జరిగితే స్వరం తప్పుతుంది. అందుకని ఆయన కూర్చోగానే మొదట చేసే పని, ఒక్కో మెట్టును బొటనవేలితో అదిమి, తీగ మీటి, చెవి ఒగ్గి వినడం. మళ్లీ అదమడం. ఈ పని పావుగంట పట్టేది. మా అవ్వ ఆ పావుగంటా నోరు మెదిపేది కాదు, మమ్మల్ని మెదపనిచ్చేది కాదు.

పోయిన రెండు వారాలు ఈ శీర్షికలో మనం కోటల లోపల తిరిగాం. గద్వాలలో సోమనాద్రి కట్టించిన మట్టికోట, దాని చుట్టూ అల్లుకున్న పండిత సభలు, 'విద్వద్గద్వాల' అనే పేరు, తిరుపతి వేంకట కవులు వనపర్తి, ఆత్మకూరు, గద్వాల సంస్థానాల్లో చేసిన అవధానాలు. అవన్నీ నిజం, గర్వపడాల్సినవే. కొల్లాపురంలో జటప్రోలు సంస్థానం కూడా అంతే. ఈ నేలకు చదువు ఎంత ముఖ్యమో అవి చెబుతాయి. కాని సంస్థానాలకు దస్తరాలున్నాయి, శాసనాలున్నాయి, ఆస్థాన కవులున్నారు. రాజుగారు ఏ శాలువా ఎవరికి కప్పారో కూడా ఎక్కడో ఒకచోట రాసి ఉంటుంది. అదే కోటకు రెండామడల దూరంలో శిస్తు కట్టలేక ఊరు విడిచిన రైతు పేరు ఎక్కడా ఉండదు. ఆ రైతు పక్షాన తిరగబడ్డవాడి పేరు సర్కారు కాగితంలో ఉన్నా, 'బందిపోటు' అన్న ఒక్క మాట కిందే ఉంటుంది. ఆ మాట వెనక మనిషి కావాలంటే కిన్నెర దగ్గరికి పోవాల్సిందే.

ఈ లోటును మొదట గట్టిగా పట్టించుకున్నవాళ్లలో ఒకరు మన గద్వాల ప్రాంతం మనిషే. సురవరం ప్రతాపరెడ్డి ఇటికాలపాడులో పెరిగారు. తెలంగాణలో కవులే లేరన్న మాటకు జవాబుగా 1934లో 354 మంది కవులతో 'గోలకొండ కవుల సంచిక' తెచ్చారు. తర్వాత 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'లో రాజుల వంశావళి పక్కన పెట్టి జనం తిండి, బట్ట, ఆట, పాట గురించి రాశారు. తెలుగులో కేంద్ర సాహిత్య అకాడమీ తొలి పురస్కారం 1955లో ఆ పుస్తకానికే వచ్చింది. 1952 ఎన్నికల్లో ఆయన్ను శాసనసభకు పంపింది వనపర్తి. కోటలున్న నేలే కోట బయటి చరిత్ర రాసినవాణ్ణి కన్నది. ఈ సంగతి తలుచుకున్నప్పుడల్లా నాకు మనసు నిండుతుంది.

కిన్నెర మాటకొస్తే, అది నిన్న మొన్నటిది కాదు. పదమూడో శతాబ్దంలో శార్ఙ్గదేవుడు 'సంగీత రత్నాకరం'లో కిన్నరీ వీణ లక్షణాలు రాశాడు. అంతకు ముందు పన్నెండో శతాబ్దంలో కల్యాణంలో బసవేశ్వరుడి కాలాన కిన్నర బ్రహ్మయ్య అనే శరణుడు ఉండేవాడు. శివుడి ముందు కిన్నెర వాయించి బతికినవాడు. ఆయన కథను పాల్కురికి సోమనాథుడు బసవపురాణంలోకి ఎక్కించాడు. అంటే గుడి ముందు, శాస్త్రగ్రంథంలో, వీరశైవ భక్తుడి చేతిలో ఉన్న వాద్యం ఇది. తర్వాత తర్వాత పెద్దవాళ్ల ఇళ్లలోకి వీణ వచ్చింది. కిన్నెర ఊరి చివరికి జరిగింది. అక్కడ దాన్ని డక్కలివాళ్లు పట్టుకున్నారు, ఇన్ని వందల ఏళ్లూ పట్టుకునే ఉన్నారు.

డక్కలివాళ్లు మాదిగలకు ఆశ్రితకులం. మాదిగల గోత్రాలు, ఇంటిపేర్లు, పుట్టుపూర్వోత్తరాలు చెప్పడం వాళ్ల పని. జాంబవ పురాణం వాళ్ల నోట్లో ఉంటుంది. అన్ని కులాల కంటే ముందు పుట్టినవాడు జాంబవుడు అని అది మొదలుపెడుతుంది. అంటరానివాడని ఊరు అన్నవాణ్ణి పట్టుకుని, నువ్వే మొదటివాడివి అని చెప్పే కథ అది. ఆ కథను ఎవరు తరతరాలు మోశారో చూడండి. అంటరానివాళ్లకు కూడా అంటరానివాళ్లుగా ఊరవతల గుడారాల్లో బతికినవాళ్లు. ఇళ్లు లేనివాళ్లు, భూమి లేనివాళ్లు. వాళ్లకు ఉన్న ఆస్తి ఇతరుల వంశచరిత్ర.

ఇక సాయన్న. పండుగ సాయన్న అని పుస్తకాల్లో రాస్తారు, కిన్నెర మీద మాత్రం పండుగొల్ల సాయన్న అంటారు. పాలమూరు పక్కన నవాబుపేట మండలం మెరుగోనిపల్లి ఆయన ఊరు. నిజాం రాజ్యంలో, పందొమ్మిదో శతాబ్దం చివరి దశాబ్దాల మనిషి. అవి ఎట్లాంటి దశాబ్దాలో గుర్తు చేసుకోవాలి. 1876లో మొదలై 1878 దాకా దక్కన్‌ను పీల్చేసిన కరువు అప్పటిదే. పొలంలో గడ్డి మొలవని ఏడు కూడా శిస్తు మొలిచేది. గింజలున్నవాడి గాదె తాళం వేసి ఉండేది. సాయన్న ఆ గాదెలు కొట్టి లేనివాళ్లకు పంచాడు. పెళ్లి ఆగిపోయిన ఆడపిల్లకు పుస్తెలు చేయించాడు. ఇదీ కథ చెప్పే సంగతి. ఇందులో ఎంత జరిగింది, ఎంత జనం కోరుకున్నది అని వేరు చేసి తూకం వేయాలనుకునేవాళ్లు వేయవచ్చు. నా దృష్టిలో అసలు సాక్ష్యం వేరే ఉంది. ఆయన పోయిన తర్వాత కూడా జనం ఆయన కథ వినడానికి జొన్నలు కొలిచారు. కడుపు నింపే గింజను చేతులారా ఇచ్చి మరీ విన్నారు. అప్పటి పాలమూరుకు ఏం కావాలనిపించిందో చెప్పడానికి ఇంతకంటే గట్టి దస్తావేజు నాకు కనిపించలేదు.

ఇక్కడ కొంచెం దూరం పోదాం, సముద్రాలు దాటి. మళ్లీ పాలమూరుకే వద్దాం.

సాయన్న కాలంలోనే, 1895 డిసెంబర్ 25 రాత్రి, అమెరికాలో సెయింట్ లూయిస్ నగరంలో ఒక సారా దుకాణంలో లీ షెల్టన్ అనే నల్లజాతి మనిషి బిల్లీ లయన్స్ అనే ఇంకో మనిషిని కాల్చాడు. మాటా మాటా పెరిగి, తన టోపీ లాక్కున్నందుకు కాల్చాడు. మామూలుగా అయితే ఊరు ఆ సంగతి నెలరోజుల్లో మరిచిపోయేది. కాని నల్లవాళ్ల పాటలో లీ షెల్టన్ 'స్టాగర్ లీ' అయ్యాడు, ఎవరికీ తల వంచనివాడయ్యాడు. రేవుల్లో కూలీలు పాడారు. జైళ్లలో ఖైదీలు పాడారు. 1928లో మిసిసిపీ జాన్ హర్ట్ గిటార్ మీద రికార్డు చేశాడు. అక్కడి నుంచి అది ఇంకో ముప్పై ఏళ్లు నడిచి లాయిడ్ ప్రైస్ దగ్గరికొచ్చింది.

లాయిడ్ ప్రైస్ 1933లో లూసియానా రాష్ట్రం కెన్నర్‌లో పుట్టాడు. తల్లి చేపల వేపుడు దుకాణం నడిపేది. అక్కడ రేడియోలో విన్న ఒక మాటను పట్టుకుని పాట కట్టి, 1952లో 'లాడీ మిస్ క్లాడీ' పాడాడు. పియానో మీద కూర్చున్నది ఫ్యాట్స్ డొమినో. రాక్ అండ్ రోల్ అనే పేరు లోకమంతా పాకకముందే వచ్చిన రాక్ అండ్ రోల్ పాట అది. నల్లవాళ్ల రికార్డును తెల్లపిల్లలు కూడా ఎగబడి కొన్నారు. అంతలో సైన్యంలోకి పిలుపు వచ్చింది, కొరియా వైపు పోవాల్సి వచ్చింది. అక్కడ తోటి సైనికుల కోసం స్టాగర్ లీ కథను నాటకంగా ఆడించాడు. తిరిగొచ్చి సొంత రికార్డు కంపెనీ పెట్టుకున్నాడు. 1958 చివర 'స్టాగర్ లీ'ని పెద్ద బ్యాండుతో, హుషారుగా పాడాడు. 1959 ఫిబ్రవరికల్లా అమెరికాలో అదే మొదటి స్థానం. అరవై మూడేళ్ల కిందటి సారాకొట్టు గొడవకు దేశమంతా డాన్సు చేసింది.

టీవీ కార్యక్రమం నడిపే డిక్ క్లార్క్‌కు అందులో పిస్తోలు, చావు నచ్చలేదు. పిల్లలు చూసే కార్యక్రమం కదా అన్నాడు. ప్రైస్ ఇంకో రకంగా మళ్లీ రికార్డు చేశాడు. అందులో ఎవరూ ఎవర్నీ చంపరు, గొడవపడి మళ్లీ కలిసిపోతారు. జనం పాట పెద్ద తెర దగ్గరికి, పెద్ద బజారు దగ్గరికి పోయినప్పుడు ఏం జరుగుతుందో ఈ ఒక్క సంగతి చాలు చెప్పడానికి. చేదు తీసేస్తారు, చరణం మిగులుతుంది.

ఇంకో పోలిక నన్ను చాలా కాలంగా వెంటాడుతోంది. రాక్ అండ్ రోల్‌కు అడుగున ఉన్నది ఆఫ్రికా దరువు. మన వనపర్తిలో కూడా ఒకప్పుడు ఆఫ్రికా మనుషులున్నారు. మొదటి రాజా రామేశ్వరరావు సిద్దీలతో అశ్వదళం పెట్టుకున్నాడు. 1866లో ఆయన పోయాక ఆ దళం నిజాం కొలువులో కలిసింది. హైదరాబాద్‌లో 'ఏసీ గార్డ్స్' అని బస్సు కండక్టర్లు కేకేసే పేరు 'ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్'కు పొట్టిపేరు. ఆ వాడ సిద్దీలూ, అరబ్బులూ కలిసి హైదరాబాద్‌కు మర్ఫా ఇచ్చారు. ఇవాళ పెళ్లి ఊరేగింపులో మర్ఫా మోగితే కాళ్లు ఆగవు. అందులో వనపర్తి మట్టి కొంత ఉందని ఆడేవాళ్లలో ఎంతమందికి తెలుసు?

సరే, ఇప్పుడు లింగాల.

నాగర్‌కర్నూల్ జిల్లా లింగాల మండలం అవుసలికుంట. అచ్చంపేట దాటి నల్లమల వైపు పోతుంటే వస్తుంది. 2016 అక్టోబర్ 11న జిల్లాలు విడిపోకముందు అదంతా పాలమూరే. దర్శనం మొగులయ్య ఆ ఊరి మనిషి. కిన్నెర ఆయనకు తాతల నుంచి తండ్రికి, తండ్రి నుంచి తనకు చేతులు మారి వచ్చింది. మామూలు కిన్నెరకు ఏడో ఎనిమిదో మెట్లుంటాయి. మొగులయ్య కిన్నెరకు పన్నెండు. మెట్లు పెరిగితే స్వరాలు పెరుగుతాయి, తప్పులకు చోటు కూడా పెరుగుతుంది. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే చివరివాళ్లలో ఒకరుగా ఆయన పేరు చెబుతారు.

ఆయన నోట్లో ఉన్న కథల పేర్లు వినండి. పండుగొల్ల సాయన్న. ఎండబెట్లోల్ల ఫకీరయ్య గౌడు. పానుగంటి మియాసావు. వట్టెం రంగనాయకమ్మ. ఎండబెట్ల, పానుగల్లు, వట్టెం: నాగర్‌కర్నూల్, వనపర్తి బస్టాండ్లలో బోర్డుల మీద మనం రోజూ చదివే ఊళ్ల పేర్లివి. ఒక ముస్లిం, ఒక గౌడు, ఒక ఆడమనిషి, ఒక ముదిరాజు. ఏ కులం కథ ఆ కులమే చెప్పుకునే నేల మీద ఈ ఒక్క వాద్యం నలుగురినీ ఒక తీగ మీద కూర్చోబెట్టింది. గద్వాల పండిత సభలను నేను తక్కువ చేయడం లేదు. కాని అక్కడ ఈ నలుగురికీ గడప లోపల చోటు లేదు.

మొగులయ్య జీవితంలో కచేరీలు, టికెట్లు, రికార్డు కంపెనీలు లేవు. ఊళ్లు తిరగడం, చెప్పడం, ఇచ్చింది తెచ్చుకోవడం. కిన్నెర మోసేవాడికి పొట్ట నిండాలంటే ఊరిలో మూడు ఉండాలి. అరుగు ఉండాలి, రాత్రంతా వినే ఓపిక ఉండాలి, పంచుకోవడానికి గింజ ఉండాలి. ముందు టీవీ వచ్చి ఓపికను తీసుకుపోయింది. కొత్త ఇళ్లకు అరుగులు పోయి గేట్లు వచ్చాయి. గింజకు బదులు చిల్లర వచ్చింది. పాలమూరు మనుషులే గుంపు మేస్త్రి వెంట బొంబాయి, పుణె వలస పోయిన రోజుల్లో కథ వినడానికి ఊళ్లో మిగిలింది ముసలివాళ్లూ, తాళం కప్పలూ. అడిగే ఇల్లే మూతబడ్డాక కిన్నెర ఎవరి గుమ్మం ముందు మోగుతుంది? మొగులయ్య కూడా హైదరాబాద్ చేరి కూలిపని చేశారు.

ఆయన్ను గుర్తుపట్టినవాళ్లు లేకపోలేదు. జయధీర్ తిరుమలరావు వంటి పరిశోధకులు జనం వాద్యాలను, వాటిని వాయించే మనుషులను ఊరూరా వెతికి వేదిక మీదికి తెచ్చారు. కొత్త తెలంగాణ ప్రభుత్వం 2015 ఉగాది నాడు మొగులయ్యకు పురస్కారం ఇచ్చింది. ఎనిమిదో తరగతి సాంఘిక శాస్త్రంలో ఆయన గురించి పాఠం వచ్చింది. పాఠ్యపుస్తకంలో ఉన్న మనిషి అడ్డా మీద కూలికి నిలబడే రోజులు కూడా అవే.

2021 సెప్టెంబర్ 2. పవన్ కల్యాణ్ పుట్టినరోజు. 'భీమ్లా నాయక్' సినిమా టైటిల్ పాట విడుదలైంది. తమన్ సంగీతం, రామజోగయ్య శాస్త్రి సాహిత్యం. పాట మొదట్లో పెద్ద వాద్యాలేవీ లేవు. ముందు ఒక కిన్నెర, ఒక గొంతు. ఆ గొంతు వీరుడి పేరు నేరుగా చెప్పదు. ఏ గుట్ట కాడ, ఏ వాగు పక్కన తండాలో, ఏ చెట్టు కింద పుట్టాడో చెబుతుంది. తల్లి ఎవరు, తండ్రి ఎవరు, తాత ఎవరు, ముత్తాత ఎవరు అని ఒక్కో మెట్టూ ఎక్కుతుంది. సినిమా చూసేవాళ్లకు అది కొత్తగా, ఒళ్లు గగుర్పొడిచేలా ఉంది. మా వైపు వాళ్లకు అది అరుగు మీద విన్న పద్ధతే. మనిషి గురించి చెప్పాలంటే ముందు వాడి నేల, వాడి వంశం చెప్పాలి. డక్కలి కథ ఎప్పుడూ అట్లాగే మొదలవుతుంది. ఆ పాట రాసినవాళ్లు, కట్టినవాళ్లు దాన్ని చెదరగొట్టకుండా ఉంచినందుకు నేను మనస్ఫూర్తిగా మెచ్చుకుంటాను.

కాని అది నిమిషం పాట. ఆ తర్వాత డ్రమ్ములు వచ్చి మీద పడతాయి. సాయన్న కథకు ఒక రాత్రి చాలదు. లక్షల మంది మొగులయ్య గొంతు విన్నారు, ఆ గొంతు ఏ కథల కోసం పుట్టిందో వాటిని మాత్రం వినలేదు. స్టాగర్ లీ కనీసం ఒక పూర్తి పాటగా, తన పేరుతోనే పెద్ద బజారుకు పోయాడు. సాయన్న గొంతు పోయింది, సాయన్న పోలేదు.

ఆ తర్వాత జరిగినవి వరసగా చెబుతాను, అవి పత్రికల్లో వచ్చినవే. పవన్ కల్యాణ్ రెండు లక్షలు ఇచ్చారు. మొగులయ్య ఆర్టీసీ బస్సు మీద కిన్నెరతో పాట పాడితే, అప్పటి ఎండీ సజ్జనార్ రాష్ట్రమంతా ఉచితంగా తిరిగే బస్ పాస్ ఇచ్చారు. ఊరూరూ తిరిగే కళాకారుడికి ఇంతకంటే తగిన బహుమతి లేదని నాకు అప్పుడు అనిపించింది. 2022 జనవరిలో పద్మశ్రీ ప్రకటించారు. మార్చిలో రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ చేతుల మీదుగా అందుకున్నారు. ముఖ్యమంత్రి కేసీఆర్ కోటి రూపాయలు, ఇంటి స్థలం ప్రకటించారు. నెలకు పది వేల పింఛను కూడా ఉండేది.

2024 మే నెలలో ఒక వీడియో వచ్చింది. హైదరాబాద్ శివారు తుర్కయంజాల్‌లో, కడుతున్న ఒక ఇంటి దగ్గర పద్మశ్రీ మొగులయ్య కూలిపని చేస్తున్నారు. వచ్చిన డబ్బు పిల్లల పెళ్లిళ్లకు, స్థలానికి, మొదలుపెట్టిన ఇంటికి అయిపోయిందని, ఇల్లు మధ్యలో ఆగిపోయిందని, పింఛను ఆగిందని ఆయనే విలేకరులతో చెప్పారు. కొందరు ఆయన్నే తప్పుపట్టారు, కోటి రూపాయలు ఏం చేశాడని. ఆ మాట నాకు కష్టం కలిగించింది. పిల్లల పెళ్లి చేయడం, తల దాచుకోను ఇల్లు కట్టుకోవడం తప్పు కాదు. జీవితమంతా గింజ ఏ రోజుకారోజు తెచ్చుకున్న మనిషికి ఒక్కసారిగా మొత్తం ఇచ్చి, తర్వాత అన్ని రోజులూ మరిచిపోవడం మనం చేసిన పని. మా అవ్వ అట్లా చేయలేదు. ఆమె ఏడాదికి ఒక్కసారే ఇచ్చింది, కాని ప్రతి ఏడూ ఇచ్చింది. ఇచ్చిన ప్రతిసారీ కథ అడిగింది.

రాక్ అండ్ రోల్ చరిత్రలో ఇట్లాంటి పేరు ఇంకొకటి ఉంది. ఆర్థర్ క్రుడప్. 1946లో ఆయన రికార్డు చేసిన పాటనే 1954 జులైలో మెంఫిస్‌లో ఎల్విస్ ప్రెస్లీ అనే కుర్రాడు పాడాడు. ఎల్విస్ మొదటి రికార్డు అదే. రాక్ అండ్ రోల్‌కు తండ్రి అని క్రుడప్‌ను పిలిచారు. ఆయన మాత్రం పొలాల్లో కూలిపనికి పోతూనే ఉన్నాడు. తన పాటలకు రావాల్సిన డబ్బు సరిగా అందకుండానే 1974లో పోయాడు. లాయిడ్ ప్రైస్ కథ వేరు. హక్కులు, లెక్కలు తన చేతిలో పెట్టుకోవడం మొదట్లోనే నేర్చుకున్నాడు. 1998లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరాడు. 2021 మే 3న, ఎనభై ఎనిమిదేళ్ల వయసులో, ఏ లోటూ లేకుండా వెళ్లిపోయాడు. అది జరిగిన నాలుగు నెలలకు మన కిన్నెర సినిమాలో మోగింది. ప్రైస్, మొగులయ్య ఇద్దరూ జనం పాటలోంచి వచ్చినవాళ్లే. తేడా గొంతులో లేదు, ఒకరి చేతికి కాగితం వచ్చింది, ఇంకొకరి చేతికి శాలువా వచ్చింది.

పక్క జిల్లా నారాయణపేట దామరగిద్దలో బుర్రవీణ వాయించే దాసరి కొండప్పకు 2024లో పద్మశ్రీ వచ్చింది. సంతోషించాం. ఆయన నోట్లో ఉన్నదంతా రికార్డు చేయడానికి ఎవరైనా ఎన్ని రాత్రులు కూర్చున్నారు? ఈ ప్రశ్న నాకూ వర్తిస్తుంది. నేను కూడా కూర్చోలేదు.

మొగులయ్య విషయంలో ఏం చేయాలో నాకు స్పష్టంగా కనిపిస్తోంది. సన్మానం వద్దు. సభ వద్దు. అవుసలికుంటలో ఒక ఇంటి అరుగు చాలు. మంచి మైకులు రెండు, కరెంటు పోతే ఆగని రికార్డరు ఒకటి, కథ విని ఊ కొట్టే మనుషులు పదిమంది. ఊ కొట్టేవాళ్లు తప్పనిసరి, వాళ్లు లేకపోతే కథ నడవదు. ఒక్కో కథకు ఎన్ని రాత్రులు కావాలంటే అన్ని. తెల్లారగానే ఆ రాత్రి కూలి ఆయన చేతిలో పెట్టాలి, రికార్డు అయినదాని మీద హక్కు ఆయన పేరున, ఆ కుటుంబం పేరున కాగితం మీద రాయాలి. మెట్లను మైనం మీద నిలబెట్టి శ్రుతి చేసే ఆ పావుగంట కూడా కెమెరాకు ఎక్కాలి. ఏ మెట్టు ఎక్కడ అదమాలో చూపించే పుస్తకం ఏదీ లేదు, ఆ కొలత ఆయన బొటనవేలిలోనే ఉంది. పక్కన ఇద్దరు ముగ్గురు పిల్లలు కూర్చోవాలి, వాళ్లకు కూడా కూలి కట్టించాలి.

"ఎవలి కథ జెప్పమంటవ్?" అని ఆయన అడిగితే, మొదటి రాత్రి సాయన్నది చెప్పమంటాను. ఈసారి నిద్రపోను.

(సశేషం)